రంగు వేయకుండా బతికున్న కణంలో కొవ్వు చూశాం: ఓ-పీటీఐఆర్ మైక్రోస్కోపు సర్వీసు మీద నా రివ్యూ

ఓ-పీటీఐఆర్ అంటే ఆప్టికల్ ఫోటోథర్మల్ ఇన్‌ఫ్రారెడ్, కణంలో ఏ రసాయనం ఎక్కడుందో ఇన్‌ఫ్రారెడ్ కాంతి సాయంతో చూపించే మైక్రోస్కోపు. ముందే చెప్పేస్తున్నా, 5కి 4. తగ్గిన ఆ ఒక్కటి మైక్రోస్కోపు వల్ల కాదు, దాన్ని మనకి ఇచ్చే పద్ధతి వల్ల. అదేంటో కింద రాస్తాను. బయాలజీ ల్యాబుల్లో చేరే మనవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, ఇలాంటి మెషిన్ బుక్ చేసే ముందు తెలుగులో ఎవరైనా అనుభవం రాసి ఉంటే బాగుండేదని నాకు అప్పట్లో చాలాసార్లు అనిపించింది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఫ్యాటీ లివర్ మీద పనిచేస్తున్నాను. లివర్ కణాల్లో కొవ్వు చిన్న చిన్న బొట్లుగా పేరుకుంటుంది కదా, ఆ బొట్లలో ఏ రకం కొవ్వు చేరుతోంది, ఎంత సేపట్లో చేరుతోంది అన్నది మా ప్రశ్న. ఈ మైక్రోస్కోపు మా దగ్గర లేదు. రెండు గంటల డ్రైవ్ దూరంలో ఉన్న ఇంకో యూనివర్సిటీ కోర్ ఫెసిలిటీలో (ఖరీదైన పరికరాలు అందరూ పంచుకుని వాడే చోట) ఉంది, బయటి ల్యాబులకి గంటల లెక్కన ఇస్తారు. ఎనిమిది నెలల్లో పదకొండు సార్లు వెళ్ళాం. ఫెసిలిటీ పేరు, మెషిన్ తయారుచేసిన కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే ఇబ్బందుల్లో కొన్ని ఎక్కడైనా వచ్చేవే.

అసలు దీనికోసం అంత దూరం ఎందుకు వెళ్ళామంటే, మా దగ్గరున్న డైలతో పని ఆగిపోయింది. కొవ్వు చూడాలంటే ఎక్కువమంది ఆయిల్ రెడ్ ఓ వేస్తారు. అది వేయాలంటే కణాన్ని ముందు ఫిక్స్ చేయాలి, అంటే చంపాలి. పైగా ఆ డై ఐసోప్రొపనాల్‌లో కలిపి ఉంటుంది, ఆ ఆల్కహాల్ తగిలి చిన్న బొట్లు పక్క బొట్లతో కలిసిపోయి పెద్దవవుతాయి. మైక్రోస్కోపు కింద లెక్కపెడుతున్నవి కణంలో నిజంగా ఉన్న బొట్లా, మనం చేసిన బొట్లా అన్న అనుమానం పోదు. బోడిపీ అనే ఆకుపచ్చగా వెలిగే డై ఉంది, అది బతికున్న కణాల్లోనే వేయొచ్చు, చాలా మంచిది, ఇప్పటికీ వాడతాను. కానీ బోడిపీ కొవ్వు ఎక్కడుందో చెబుతుంది, ఏ కొవ్వో చెప్పదు. పామిటిక్ యాసిడ్ తిన్న కణానికీ ఒలియిక్ యాసిడ్ తిన్న కణానికీ అది వెలిగే తీరు ఒకటే. నాకు కావలసిందేమో ఆ తేడానే.

ఈ తేడా మా ఇంటికి దగ్గర విషయం కూడా. మాది పెదవేగి వైపు, ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్న ఊరు, మా నాన్నవి పామాయిల్ తోటలే. పామాయిల్‌లో పామిటిక్ యాసిడ్ సుమారు 44 శాతం ఉంటుంది, ఆ పేరు వచ్చిందే పామ్ నుంచి. మిగిలినదాంట్లో పెద్ద వాటా ఒలియిక్. పామిటిక్ 63 డిగ్రీల దగ్గర గానీ కరగదు, ఒలియిక్ 13, 14 డిగ్రీలకే ద్రవం. ఒంట్లో వేడి 37. అంటే పామిటిక్ యాసిడ్ అలాగే పోగుపడితే కణం లోపలి పొరలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, అందుకే కణం దాన్ని వీలైనంత త్వరగా ఒలియిక్‌తో కలిపి ట్రైగ్లిసరైడ్‌గా (నిల్వ కొవ్వుగా) మార్చి బొట్టులో దాచుకోవాలని చూస్తుంది. ఒట్టి పామిటిక్ మాత్రమే పెడితే కణాలు చచ్చిపోతాయి, పక్కన ఒలియిక్ కూడా ఇస్తే బొట్లు బాగా పెరిగి కణాలు బతుకుతాయి. ఇది చాలా ల్యాబుల్లో చూసిన సంగతే. ఫోన్‌లో ఇదంతా చెప్తే నాన్న, "ఏమ్మా, మన గెలల్లో నూనె గురించేనా నువ్వు అక్కడ చదివేది?" అన్నారు. అవును నాన్నా, అదే.

ఇన్‌ఫ్రారెడ్ సంగతికొస్తే, ఫార్మా క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షలో) పనిచేసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. పీహెచ్‌డీకి ముందు నేను జీడిమెట్లలో రెండేళ్ళు ఆ పనే చేశాను: కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) ఉప్పుతో పౌడర్ నూరడం, ప్రెస్‌లో పెట్టి బిళ్ళ చేయడం, ఎఫ్‌టీఐఆర్ అనే మామూలు ఇన్‌ఫ్రారెడ్ మెషిన్‌లో స్పెక్ట్రమ్ (ఎక్కడ ఎంత కాంతి పీల్చుకుందో చూపే గ్రాఫ్) తీయడం, స్టాండర్డ్‌తో పోల్చి సంతకం పెట్టడం. ఒక్కో రసాయన బంధం ఒక్కో దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుంది. కణంలోనూ అంతే. ఇక్కడి నుంచి నేను రాసే ఈ అంకెలు వేవ్‌నంబర్లు, అంటే ఒక సెంటీమీటరులో ఎన్ని కాంతి అలలు పడతాయో ఆ లెక్క. ప్రోటీన్ 1650 దగ్గర, 1545 దగ్గర కనిపిస్తుంది. ట్రైగ్లిసరైడ్‌లోని ఈస్టర్ బంధం 1740 దగ్గర. కొవ్వు తోకల్లోని సీహెచ్2 గుంపులు 2850, 2920 దగ్గర. డీఎన్ఏ, ఆర్‌ఎన్ఏ, పొరల్లోని ఫాస్ఫేట్ 1080, 1240 దగ్గర. డై అక్కర్లేదు, జీన్ మార్చి జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) తగిలించక్కర్లేదు. కొవ్వు అణువు చిన్నది, జీఎఫ్‌పీ 238 అమైనో ఆమ్లాల ప్రోటీన్, అంత బరువు తగిలిస్తే ఆ కొవ్వు ఇక మామూలుగా నడుచుకోదు.

మరి ఇన్నేళ్ళూ అందరూ ఇదే ఎందుకు వాడలేదంటే రెండు కారణాలు. 1650 దగ్గర కాంతి తరంగదైర్ఘ్యం 6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే బాగా చిన్నవాటిని మామూలు ఇన్‌ఫ్రారెడ్ మైక్రోస్కోపు విడదీసి చూపించలేదు. నా కొవ్వు బొట్లేమో ఒక మైక్రాన్, కొన్ని అంతకంటే చిన్నవి. ఎఫ్‌టీఐఆర్ ఇమేజింగ్‌లో నాలుగైదు బొట్లు, చుట్టూ ఉన్న ప్రోటీన్, అన్నీ ఒకే పిక్సెల్‌లో కలిసిపోతాయి. రెండో కారణం నీళ్ళు. నీళ్ళు 1640 దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా పీల్చేస్తాయి, ప్రోటీన్ పీక్ (గ్రాఫ్‌లో లేచే శిఖరం) మీదే కూర్చుంటాయి. కణాలున్న నీటి పొర 10 మైక్రాన్లు దాటితే లోపలికి వెళ్ళిన కాంతి బయటికి రావడం కష్టం. అందుకే ఈ రంగంలో చాలా పని ఎండబెట్టిన కణాల మీద, ఫిక్స్ చేసిన టిష్యూ మీద జరిగింది. అది తక్కువ పనేం కాదు. 1995లో ఫోకల్ ప్లేన్ అరే డిటెక్టర్ పెట్టి ఒకేసారి వేల పిక్సెళ్ళ స్పెక్ట్రా తీయడం మొదలైంది, 2005లో రోహిత్ భార్గవ వాళ్ళు ప్రోస్టేట్ టిష్యూలో ఏ కణజాలం ఏదో రంగు వేయకుండా కంప్యూటర్‌తో గుర్తించి చూపించారు. కానీ అవి బతికున్నవి కావు.

ఓ-పీటీఐఆర్ ఇక్కడ చేసిన పని ఏంటంటే, ఇన్‌ఫ్రారెడ్‌ని నేరుగా కొలవడం మానేసింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా చూస్తే గాలి అలలు అలలుగా వణికినట్టు కనిపిస్తుంది కదా. వేడెక్కిన గాలి కాంతిని వంచడం వల్ల అలా కనిపిస్తుంది. ఇక్కడ కూడా అదే సూత్రం. క్వాంటమ్ కాస్కేడ్ లేజర్ నుంచి 1740 దగ్గర ఇన్‌ఫ్రారెడ్ పల్సులు కణం మీద పడతాయి, ఈస్టర్ బంధాలున్న చోట మాత్రం అది పీల్చుకుని అతి కొద్దిగా వేడెక్కుతుంది, ఆ వేడికి అక్కడ కాంతి వంగే తీరు పిసరంత మారుతుంది. అదే చోటుకి 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కూడా పడుతుంటుంది, ఆ మార్పుని పసిగట్టేది అది. కాబట్టి చిత్రం ఎంత పదునుగా వస్తుందో నిర్ణయించేది ఆకుపచ్చ కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాదు. 6 మైక్రాన్ల దగ్గర నుంచి అర మైక్రాన్‌కి వచ్చేశాం. నీళ్ళ బాధ కూడా తగ్గింది. పొయ్యి మీద నీళ్ళు కాగడానికి పట్టే టైంలో నూనె ఎప్పుడో కాగిపోతుంది, పైగా అదే వేడికి కాంతిని వంచే తీరు నీళ్ళలో కంటే నూనెలో చాలా ఎక్కువ మారుతుంది. అందుకే నీళ్ళ మధ్యలో ఉన్న కొవ్వు బొట్టు దీపంలా కనిపిస్తుంది. 2016లో పర్డ్యూ యూనివర్సిటీలో జీ-షిన్ చెంగ్ బృందం బతికున్న కణాల్లో, సీ ఎలిగాన్స్ పురుగుల్లో ఇలా చూసి సైన్స్ అడ్వాన్సెస్ జర్నల్‌లో రాశారు. మేము ఈ దారిలోకి రావడానికి ఆ పేపరే కారణం.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఫిక్స్ చేసిన హెచ్‌యూహెచ్-7 లివర్ కణాలు తీసుకెళ్ళాం, ట్రైనింగ్ కోసం. తెర మీద మామూలు వెలుతురులో ఒక బొట్టు కనిపించింది. దాని మీద క్లిక్ చేస్తే కొద్ది సెకన్లలో స్పెక్ట్రమ్ వచ్చింది, 1740 దగ్గర నిటారుగా లేచిన పీక్. రెండు మైక్రాన్లు పక్కకి జరిగి క్లిక్ చేస్తే ఆ పీక్ లేదు, ప్రోటీన్ పీకులు రెండే ఉన్నాయి. నేను జీడిమెట్లలో తీసిన స్పెక్ట్రా వేలల్లో ఉంటాయి, అన్నీ మిల్లీగ్రాముల పౌడర్లవి. ఇది ఒకే ఒక్క కణంలో ఒకే ఒక్క బొట్టు. తిరుగు ప్రయాణంలో కారులో మా సీనియర్, నేను వేరే విషయమే మాట్లాడుకోలేదు.

బతికున్న కణాలకి వెళ్ళేసరికి అసలు కష్టాలు మొదలయ్యాయి. ఇన్‌ఫ్రారెడ్, ఆకుపచ్చ రెండూ పైనుంచే వస్తే ఇన్‌ఫ్రారెడ్ మీడియంలోనే (కణాలు పెరిగే ద్రవంలోనే) ఆగిపోతుంది. అందుకని బతికున్న కణాల కోసం ఇన్‌ఫ్రారెడ్‌ని కింది నుంచి పంపి, పైనుంచి నీళ్ళలో ముంచే ఆబ్జెక్టివ్‌తో చూసే ఏర్పాటు ఉండాలి. బుక్ చేసే ముందు మీ ఫెసిలిటీలో అది ఉందో లేదో తప్పకుండా అడగండి. కింది నుంచి పంపాలంటే కణాలు గాజు మీద ఉండకూడదు, గాజు ఈ ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తుంది. కాల్షియం ఫ్లోరైడ్ బిళ్ళల మీద పెంచాలి. ఖరీదైనవి, సన్నవి, చిమటా గట్టిగా పడితే అంచు విరుగుతుంది, మేము రెండు పోగొట్టుకున్నాం. జాగ్రత్తగా కడిగి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. దొరికింది కదా అని బేరియం ఫ్లోరైడ్ మీద మాత్రం బతికున్న కణాలు పెంచకండి, అది నీళ్ళలో కొద్దికొద్దిగా కరుగుతుంది, బేరియం కణాలకి విషం.

అన్నిటికంటే ఎక్కువ టైం పోయింది బొట్ల కదలిక దగ్గర. ఈ మైక్రోస్కోపు ఒక్కో బిందువు చదువుకుంటూ పోతుంది. ఒక చిన్న చదరం మొత్తం 1740లో గీయడానికి కొన్ని నిమిషాలు, మళ్ళీ అదే చదరం 1650లో గీయడానికి కొన్ని నిమిషాలు. ఈలోగా బతికున్న కణంలో కొవ్వు బొట్లు ఒకచోట కూర్చోవు, మైక్రోట్యూబుల్స్ (కణం లోపల పట్టాల్లాంటి సన్నని గొట్టాలు) పట్టుకుని తిరుగుతుంటాయి. కొవ్వునీ ప్రోటీన్‌నీ భాగించి రేషియో చిత్రం చేస్తే, బొట్టుకి ఒక అంచు బాగా వెలుగుతూ, రెండో అంచు నల్లగా వచ్చింది. ఒకటి రెండు బొట్లకి కాదు, పదుల బొట్లకి. మేము ఒక వారం పాటు ఇదేదో కొత్త విషయమని, బొట్టులో ఒక వైపే ఈస్టర్ చేరుతోందని అనుకున్నాం, గ్రూప్ మీటింగ్‌లో కూడా చూపించాం. తర్వాత ఫెసిలిటీ మేనేజర్ చూసి ఒకే మాట అన్నారు, "1740ని మళ్ళీ ఇంకోసారి తీయండి." తీశాం. మొదటి 1740 చిత్రానికీ రెండో దానికీ బొట్లు సగం పైగా జరిగి ఉన్నాయి. కదిలిన దాని మీద కదలనట్టు లెక్కలు వేశాం. అప్పటినుంచి ప్రతి సెట్టు 1740, 1650, మళ్ళీ 1740 అని తీస్తున్నాం, మొదటికీ చివరికీ చోటు మారిన బొట్లని లెక్కలోంచి తీసేస్తున్నాం. చదరం చిన్నది చేశాం. 1800 దగ్గర, అంటే కణంలో పెద్దగా ఏదీ పీల్చుకోని చోట, ఒక చిత్రం తీసి దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా తీసేస్తున్నాం. కెమెరాతో చదరమంతా ఒకేసారి తీసే వైడ్‌ఫీల్డ్ పద్ధతులు వచ్చాయి, చెంగ్ బృందమూ టోక్యో యూనివర్సిటీలో ఇదెగుచి బృందమూ వాటి మీద చాలా పని చేశారు. త్వరగా కదిలే వాటిని చూడాలంటే మీరు వెతుక్కోవలసింది అలాంటి మెషిన్. నాలాగా ఒక్కో బొట్టుకి పూర్తి స్పెక్ట్రమ్ కావాలంటే బిందువు బిందువు చదివేదే మంచిది.

ఇక సర్వీసుకి మార్కు ఎందుకు తగ్గించానో చెప్తాను. ఒకే ఒక్క ముఖ్య కారణం, లేజర్ ఏ పరిధిలో పనిచేస్తుందో వాళ్ళ పేజీలో స్పష్టంగా రాయలేదు. మా మొదటి ప్లాన్ డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టిన పామిటిక్ యాసిడ్ వాడటం. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉంటే ఆ బంధం 2090, 2195 దగ్గర కనిపిస్తుంది, కణంలో సహజంగా అక్కడ దాదాపు ఏమీ ఉండదు, కాబట్టి ఎంత చిన్న సిగ్నల్ అయినా మనం పెట్టిన కొవ్వుదే అని ధైర్యంగా చెప్పొచ్చు. అది కొన్నాం, కణాలకి పెట్టాం, చల్లారకుండా డబ్బాలో పెట్టుకుని రెండు గంటలు తీసుకెళ్ళాం. అక్కడికి వెళ్ళాక తెలిసింది, వాళ్ళ లేజర్ 950 నుంచి 1800 దాకా ఒక ముక్క, 2700 పైన ఇంకో ముక్క. మధ్యలో నాకు కావలసిన భాగం లేదు. ఆ రోజు ఫీజు, నెల రోజుల తయారీ రెండూ పోయాయి, నాకు చాలా బాధేసింది. "ఫింగర్‌ప్రింట్ అండ్ సీహెచ్" అని పేజీలో ఉంది, అనుభవం ఉన్నవాళ్ళకి దాని అర్థం తెలుస్తుంది, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి తెలియదు. అంకెలు రాయడానికి ఒక లైను చాలు. మేము చెప్పిన తర్వాత రాశారు, అది ఒప్పుకోవాలి.

ఆ దెబ్బ తర్వాత కార్బన్-13కి (మామూలు కార్బన్ కంటే కొంచెం బరువైన రకానికి) మారాం. పామిటిక్ యాసిడ్‌లో కార్బన్లన్నీ కార్బన్-13 అయితే, బరువు పెరిగి ఈస్టర్ పీక్ 1740 పైనుంచి 1700 చుట్టుపక్కలకి దిగుతుంది. ఆ రెండూ ఇదే లేజర్‌కి అందుతాయి. కణం పాత కొవ్వు 1740 వైపు, మనం పెట్టిన కొత్త కొవ్వు 1700 వైపు, ఒకే బొట్టులో రెండింటి ఎత్తులు పక్కపక్కనే చదువుకోవచ్చు. యేల్ యూనివర్సిటీలో కెయిట్లిన్ డేవిస్ బృందం కార్బన్-13 గ్లూకోజ్ పెట్టి కణాలు కొత్త కొవ్వు ఎలా తయారుచేసుకుంటాయో ఇదే రకం మైక్రోస్కోపుతో చూశారు, 2023లో వచ్చింది, మాకు దారి చూపించింది అదే. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇలాంటి బరువు మారిన పరమాణువు (ఐసోటోపు) పెట్టాక దీన్ని పూర్తిగా లేబుల్ (గుర్తు) లేని పద్ధతి అనలేం. కానీ కార్బన్-13 పెట్టిన పామిటిక్ యాసిడ్ ఆకారంలో, రసాయన గుణంలో మామూలు దానిలాగే ఉంటుంది, కణానికి తేడా తెలియదు. డైకీ దీనికీ నాకు కనిపించే పెద్ద తేడా అదే.

రెండు కార్బన్ల మధ్య డబుల్ బాండ్ ఉందా లేదా అన్నది 3010 దగ్గర చిన్న పీక్ చెబుతుంది, ఒలియిక్‌కి ఉంటుంది, పామిటిక్‌కి ఉండదు. దాని మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. బతికున్న కణాల్లో అది నీటి పెద్ద బ్యాండ్ అంచు మీద పడుతుంది, నమ్మకంగా కొలిచే అంత శుభ్రంగా నాకు రాలేదు. ఎండిన కణాల్లో బాగా వచ్చింది. దీనికి రామన్ (చెదిరిన కాంతిలో వచ్చే మార్పుని చూసి బంధాన్ని గుర్తించే పద్ధతి) మేలు, ఈ మెషిన్‌లో ఆకుపచ్చ లేజర్‌తోనే రామన్ కూడా తీసుకునే వీలుంది, డబుల్ బాండ్ 1655 దగ్గర అందులో బలంగా కనిపిస్తుంది.

లివర్ టిష్యూ సెక్షన్లు తీసుకెళ్ళేవాళ్ళకి కొన్ని సంగతులు. పారాఫిన్ (మైనం) బ్లాకులు వద్దు. పారాఫిన్ తీయాలంటే జైలీన్ వాడాలి, జైలీన్‌తో పాటు మీకు కావలసిన కొవ్వు కూడా కొట్టుకుపోతుంది, తీయకపోతే పారాఫినే 1460, 2850, 2920 దగ్గర పీకులు పెడుతుంది. ఫ్రోజెన్ సెక్షన్లే చేయండి, ఆల్కహాల్ దగ్గరికి రానివ్వకండి. ఓసీటీ జిగురు (ఫ్రోజెన్ టిష్యూని కోసేటప్పుడు పట్టి ఉంచేది) కూడా వీలైనంత తక్కువ, అది 1100 దగ్గర పీక్ వదిలి ఫాస్ఫేట్‌ని చెడగొడుతుంది. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీళ్ళలో) ఆఖరి కడుగు కడిగి అలాగే ఆరబెడితే ఉప్పు స్ఫటికాలు, పైగా పీబీఎస్‌లోని ఫాస్ఫేట్ కూడా 1080 దగ్గరే. ఇంకొకటి, రక్తం. సెక్షన్‌లో ఎర్ర రక్తకణాలు మిగిలి ఉంటే హిమోగ్లోబిన్ ఆకుపచ్చ లేజర్‌ని బాగా పీల్చుకుంటుంది, చూస్తుండగానే అక్కడ మాడి మచ్చ పడుతుంది, పక్కన ఉన్న మంచి భాగం కూడా పాడవుతుంది. లివర్‌లో రక్తం ఎంత ఉంటుందో తెలుసు కదా. ఆకుపచ్చ పవర్ అతి తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, మొదట పనికిరాని మూలలో చూసుకోండి.

బతికున్న కణాల్లో ప్రోటీన్ పీక్ ఖచ్చితంగా కావాలనుకుంటే మీడియంలో మామూలు నీళ్ళ బదులు భారజలం వాడేవాళ్ళున్నారు. మన మణుగూరులో తయారయ్యే భారజలమే, రియాక్టర్లకి వాడేది. దాని బ్యాండ్ 1640 నుంచి 1210 దగ్గరికి జారిపోతుంది, ప్రోటీన్ చోటు ఖాళీ అవుతుంది. నేను రెండుసార్లు చేశాను, కణాలు ఎక్కువసేపు దాన్ని భరించవు, గంటలోపు ముగించే పనికే వాడండి. అయినా మా ప్రశ్నకి కొవ్వే ముఖ్యం కాబట్టి మామూలు మీడియంతోనే సరిపెట్టుకున్నాం.

గాలిలో తేమ కూడా చూసుకోవాలి. పర్జ్ (మెషిన్‌లోకి పొడి గాలి పంపే ఏర్పాటు) సరిగ్గా లేకపోతే నీటి ఆవిరి గీతలు 1400 నుంచి 1800 దాకా దువ్వెన పళ్ళలా స్పెక్ట్రమ్ నిండా వస్తాయి. ఒకసారి మధ్యాహ్నం నుంచి మా డేటా అంతా అలాగే వచ్చింది, ఫెసిలిటీ వాళ్ళే గమనించి పర్జ్ ట్యూబు ఊడిందని సరిచేశారు, ఆ మూడు గంటలకి డబ్బు తీసుకోలేదు. ఇలాంటి దగ్గర వాళ్ళు చాలా మంచివాళ్ళు. మేనేజర్ ఆవిడ స్వయంగా స్పెక్ట్రోస్కోపీలో పీహెచ్‌డీ చేసినావిడ, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెబుతారు, ఆ 1740 మళ్ళీ తీయమన్న ఒక్క సలహా వల్ల మా పేపర్ తప్పుదారి పట్టకుండా ఆగింది.

బాగాలేనివి ఇంకో రెండు. అక్కడ సీఓ2 ఇంక్యుబేటర్ లేదు, కణాలని ఉంచుకోవడానికి పై అంతస్తులో వేరే ల్యాబుని బతిమాలుకోవాలి, వాళ్ళు సెలవులో ఉంటే మన పని అయిపోయినట్టే. బతికున్న కణాల మీద పనిచేయొచ్చని రాసిన ఫెసిలిటీలో అది ఉండి తీరాలి. డేటా ఫైళ్ళు సొంత ఫార్మాట్‌లో వస్తాయి, అక్కడి కంప్యూటర్‌లోనే తెరిచి మామూలు ఫైళ్ళుగా మార్చుకుని తెచ్చుకోవాలి, దానికి పట్టే టైం కూడా మన గంటల్లోంచే పోతుంది. చివరి ముప్పావు గంట అందుకోసం ముందే వదిలిపెట్టుకోండి. ఫీజు విషయం, మేము బయటి అకడమిక్ రేటు కట్టాం, లోపలివాళ్ళ రేటుకి దాదాపు రెట్టింపు, ట్రైనింగ్‌కి వేరే. ఖర్చు తక్కువేం కాదు. అయినా ప్లాన్ సరిగ్గా ఉన్న రోజున ఇచ్చిన ప్రతి డాలరుకీ డేటా తెచ్చుకున్నాం.

హైదరాబాద్ నుంచి ఇద్దరు జూనియర్లు అడిగారు, మాకూ ఇదే కావాలా అని. మీ ప్రశ్న ఒక కణం లోపల ఏముందన్నది కాకపోతే అక్కర్లేదు. టిష్యూలో ఏ భాగంలో కొవ్వు ఎక్కువ, ఏ భాగంలో కొలాజెన్ ఎక్కువ అన్నది చూడాలంటే ఎఫ్‌టీఐఆర్ ఇమేజింగ్ చాలు, పెద్ద సెక్షన్ మొత్తం త్వరగా చూపిస్తుంది, ఓ-పీటీఐఆర్‌తో అంత పెద్ద సెక్షన్ గీయాలంటే రోజులు పడుతుంది. కొవ్వు ఎంత పెరిగింది అన్న ఒక్క అంకె కావాలంటే బోడిపీ వేసి ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో కణం ఎంత వెలుగుతోందో కొలిచే మెషిన్‌లో) పెట్టండి, మధ్యాహ్నానికి పని అయిపోతుంది. బొట్టు లోపల ఏముందో, ఆ బొట్టు ఇంకా బతికున్న కణంలో ఉండగానే తెలియాలంటే మాత్రం నాకు తెలిసినవాటిలో దీనికి పోటీ వచ్చేవి తక్కువ. స్టిమ్యులేటెడ్ రామన్ వస్తుంది, అది చాలా వేగం, దాని ఖర్చు, దాన్ని సరిగ్గా నడిపే మనుషులు దొరకడం వేరే సమస్య.

ఫలితాలు ఇక్కడ రాయడం లేదు, పేపర్ ఇంకా రావాలి. వచ్చే నెల మళ్ళీ రెండు రోజులు బుక్ చేశాం. ఈసారి సగం బిళ్ళల మీద ఒట్టి పామిటిక్, సగం మీద పామిటిక్ ఒలియిక్ కలిపి, రెండింట్లోనూ కార్బన్-13, ప్రతి చదరానికీ 1740 రెండుసార్లు. పై అంతస్తు ల్యాబుకి ఇంక్యుబేటర్ కోసం ఈమెయిల్ ఇప్పటికే పెట్టాను.